బి.ఏ. తర్వాత ఈవెంట్ మేనేజ్‌మెంట్: మొదటి సెటప్ రాత్రి నుంచి సొంత కొటేషన్ దాకా

"బి.ఏ. అయిపోయింది. ఈవెంట్స్ లైన్‌లోకి రావాలంటే ఏ కోర్సు చేయాలి?" నెలకు నలుగురైదుగురు నన్ను ఇదే అడుగుతున్నారు. కోర్సు గురించి తర్వాత చూద్దాం. ముందు పది ఈవెంట్ రోజులు పనిచేయండి. లారీలోంచి సామాను దిగేటప్పుడు మొదలుపెట్టి, చివరి కుర్చీ మళ్లీ లారీ ఎక్కేదాకా అక్కడే ఉండండి. ఆ పది రోజుల్లో ఈ పని మీకు పడుతుందో లేదో మీకే తెలిసిపోతుంది.

నేను చరిత్రలో బి.ఏ. చేసి హైదరాబాద్‌లో ఈ పనిలోకి వచ్చాను. కింద రాసినవి ఎక్కువగా ఇక్కడి పద్ధతులు. విజయవాడలోనో విశాఖలోనో చేసేవాళ్లకు హాళ్ల పేర్లు మారతాయి గానీ పని వరుస మారదు.

1. ఏ రకం ఈవెంట్, అందులో ఏ పని: రెండూ విడదీసి చూడండి

పెళ్లిళ్లలో రెండు కుటుంబాలతో నెలల తరబడి మాట్లాడాలి. ముహూర్తం ఎవరి కోసమూ ఆగదు. డీలర్ మీట్లు, ప్రోడక్ట్ లాంచ్‌ల వంటి కార్పొరేట్ ఈవెంట్లు మాదాపూర్ హెచ్‌ఐసీసీ కన్వెన్షన్ సెంటర్‌లోనూ పెద్ద హోటళ్లలోనూ జరుగుతాయి. అక్కడ ప్రతి మాటా మెయిల్‌లో ఉండాలి. హైటెక్స్ లాంటి చోట ఎగ్జిబిషన్లంటే స్టాళ్లు, చదరపు మీటర్లు, కరెంటు లెక్కలు. రవీంద్ర భారతి, విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రం లాంటి చోట్ల జరిగే సాంస్కృతిక సభల్లో డబ్బు తక్కువ, ప్రొటోకాల్ ఎక్కువ.

ఇక పనులు చూస్తే ముఖ్యంగా నాలుగు. క్లయింట్‌తో మాట్లాడేవాళ్లు, స్టేజి, లైట్లు, సౌండ్ నిలబెట్టే ప్రొడక్షన్ వాళ్లు, అతిథులనూ ఆర్టిస్టులనూ చూసుకునేవాళ్లు, షో నడిపేవాళ్లు. బి.ఏ. వాళ్లు మొదటిదానికీ నాలుగోదానికీ సులువుగా సరిపోతారు. కానీ ప్రొడక్షన్ తెలియకుండా ఆ రెండిట్లో ఎక్కువ కాలం నిలబడలేరు. క్లయింట్ "స్టేజి ఇంకో రెండడుగులు పెంచండి" అన్నప్పుడు, దానివల్ల ముందు వరుస కుర్చీలు పోతాయో లేదో అక్కడికక్కడే చెప్పగలగాలి.

2. డిగ్రీలో వచ్చినదాన్ని పనికొచ్చే మాటల్లో చెప్పండి

రెజ్యూమెలో "కమ్యూనికేషన్ స్కిల్స్ బాగున్నాయి" అని రాస్తే ఎవరూ ఆగి చదవరు. "కాలేజీ వార్షికోత్సవానికి 22 అంశాల కార్యక్రమ పట్టిక నేనే వేశాను, 600 మంది వచ్చారు, అనుకున్న సమయానికి 15 నిమిషాలు దాటి ముగించాం" అని రాస్తే ఫోన్ వస్తుంది. ఆలస్యం కూడా రాయండి. అది దాచకపోతేనే మిగతాది నమ్ముతారు.

పొలిటికల్ సైన్స్ చదివినవాళ్లకు వేదిక మీద ఎవరి తర్వాత ఎవరిని పిలవాలో త్వరగా పట్టుబడుతుంది. సోషియాలజీ, సైకాలజీ చదివినవాళ్లు పెళ్లింట్లో అసలు నిర్ణయం ఎవరిదో గమనించగలరు. చాలాసార్లు అది డబ్బు కట్టే ఆయనది కాదు, ఒక మూల కూర్చున్న అత్తయ్యది.

తెలుగు సాహిత్యం చదివినవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. తప్పుల్లేని తెలుగులో యాంకర్ స్క్రిప్టు, సన్మాన పత్రం, శుభలేఖ, స్క్రీన్ మీద వచ్చే పేర్లు రాయగలిగే మనిషి టీమ్‌లో దొరకడం చాలా కష్టం. ఒత్తులు చెదిరిపోయిన ఫ్లెక్స్‌లు మీరూ చూసే ఉంటారు. యూనికోడ్‌లో వేగంగా టైప్ చేయడం నేర్చుకోండి. డిజైనర్లు వాడే పాత తెలుగు ఫాంట్లలోకి పోతే అక్షరాలు ఎక్కడ విరుగుతాయో కనిపెట్టడం కూడా వస్తే, మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు.

3. ముప్పై రోజుల తయారీ

మొదటి పది రోజులు హాళ్లు తిరగండి. వారానికి మూడు చొప్పున, ఒక్కోదానికి నోట్‌బుక్‌లో ఒక పేజీ. మేనేజర్‌ని మర్యాదగా అడిగితే ఖాళీ రోజున చూపిస్తారు.

ప్రతి హాలుకూ రాసుకోవాల్సినవి:
☐ సీలింగ్ ఎత్తు, మధ్యలో దూలం గానీ షాండ్లియర్ గానీ ఉంటే దాని కింది ఎత్తు
☐ సామాను వచ్చే గేటు, లిఫ్ట్ కొలతలు
☐ జనరేటర్ నిలిపే చోటు, అక్కడి నుంచి స్టేజి దాకా కేబుల్ దూరం
☐ గ్రీన్ రూమ్, టాయిలెట్లు స్టేజికి ఎంత దూరం
☐ గోడకు మేకు కొట్టనిస్తారా, కోల్డ్ పైరో (స్టేజి మీద వెలిగించే చల్లని మెరుపుల పూలకుండీలు) అనుమతిస్తారా
☐ హాలు ఎన్ని గంటలకు చేతికిస్తారు, ఎన్నింటికి ఖాళీ చేయాలి

మనుషుల లెక్క కూడా అక్కడే నేర్చుకోవచ్చు. కుర్చీలు వరుసగా వేస్తే మనిషికి 8 నుంచి 10 చదరపు అడుగులు, గుండ్రటి బల్లలు వేస్తే 12 నుంచి 15. ఆరడుగుల గుండ్రటి బల్లకు పదిమంది. హాలు బ్రోషర్‌లో "వెయ్యి మంది" అని ఉన్నా స్టేజి, కన్సోల్ (సౌండ్, లైట్లు నడిపే బల్ల), బఫే పెట్టాక ఎంతమంది పడతారో మీరే వేసి చూడండి.

జనవరి, ఫిబ్రవరిల్లో హైదరాబాద్‌లో ఉంటే నాంపల్లిలో ఏటా జరిగే పెద్ద ఎగ్జిబిషన్ నుమాయిష్‌కు రెండుసార్లు వెళ్లండి. ఒకసారి సాయంత్రం గేటు తెరిచేటప్పుడు, ఒకసారి ఆదివారం రాత్రి. జనం ఎక్కడ ఆగిపోతున్నారో, ఎందుకు ఆగుతున్నారో రాసుకోండి.

రెండో పది రోజులు ఎక్సెల్. కూడికలు, శాతాలు, ఒక షీట్ నుంచి ఇంకో షీట్‌కు లెక్క తేవడం, ప్రింట్ ఒక పేజీలో పట్టేలా సరిచేయడం వస్తే మొదట్లో చాలు.

చివరి పది రోజులు బజారు. తెల్లవారుజామున గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు వెళ్లండి. ముహూర్తాలు లేని వారం ఒకసారి, ముహూర్తాలు ఉన్న వారం ఇంకోసారి. బంతి, చామంతి, లిల్లీ, గులాబీ రేట్లు రెండు రోజులూ పక్కపక్కన రాస్తే, డెకరేషన్ కొటేషన్ నెలనెలా ఎందుకు మారుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

4. మొదటి పది ఈవెంట్ రోజులు

పంచాంగం దగ్గర పెట్టుకోండి. ఆషాఢం, భాద్రపదం, పుష్యంలో పెళ్లిళ్లు ఉండవు, మూఢంలోనూ ఉండవు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, కార్తీకంలో చేతులు సరిపోవు. ముహూర్తాలు మొదలవడానికి రెండు మూడు వారాల ముందు అడిగితే పని దొరుకుతుంది. సీజన్ మధ్యలో అడిగితే మీ మెసేజ్ చదివే తీరిక ఎవరికీ ఉండదు. కార్పొరేట్ వైపు జనవరి నుంచి మార్చి దాకా గట్టిగా ఉంటుంది.

పెద్ద కంపెనీల హెచ్‌ఆర్‌కు పంపడం కన్నా సౌండ్, డెకరేషన్, క్యాటరింగ్ వెండర్లను, ఫ్రీలాన్స్ ప్రొడక్షన్ మేనేజర్లను నేరుగా అడగడం మేలు. మెసేజ్ ఇంతే ఉండాలి (డిస్మాంటిల్ అంటే ఈవెంట్ అయ్యాక అన్నీ విప్పడం, రన్నర్ అంటే అటూ ఇటూ తిరిగి పనులు అందించే మనిషి):

"నమస్తే అండి. నేను బి.ఏ. పూర్తిచేశాను, కూకట్‌పల్లిలో ఉంటాను. ఈ నెల 12 నుంచి 20 దాకా ఖాళీగా ఉన్నాను. సెటప్ రాత్రి నుంచి డిస్మాంటిల్ దాకా ఉండగలను. తెలుగు, ఇంగ్లిష్ టైపింగ్, ఎక్సెల్ వచ్చు. రిజిస్ట్రేషన్ టేబుల్, గెస్ట్ కోఆర్డినేషన్, రన్నర్ పని ఏది ఉన్నా చెప్పగలరు."

ఒప్పుకునే ముందు నాలుగు విషయాలు అడగండి. రిపోర్టింగ్ టైమ్ ఎంత, ఎవరికి రిపోర్ట్ చేయాలి, రోజుకు ఎంత, డబ్బు ఏ తేదీన ఇస్తారు. అర్ధరాత్రి దాటితే ఇంటికి చేరే ఏర్పాటు ఏమిటో కూడా అడగండి, ముఖ్యంగా అమ్మాయిలు. అడిగితే ఏమనుకుంటారోనన్న మొహమాటం వద్దు. సరైన టీమ్‌లో ఆ ఏర్పాటు ముందే ఉంటుంది. ఆ ప్రశ్నకే విసుక్కునే చోటికి వెళ్లకండి. "అనుభవం కోసం" ఒకటి రెండు రోజులు డబ్బు లేకుండా చేయడం మీ ఇష్టం. అంతకు మించి చేయకండి.

బ్యాగులో ఉండాల్సినవి:
☐ నల్లటి పాత బూట్లు (కొత్తవి రెండో గంటకే కరుస్తాయి)
☐ గాఫర్ టేప్ (కేబుళ్లు నేలకు అంటించే గట్టి గుడ్డ టేప్), కత్తెర, మార్కర్, కేబుల్ టైలు, సేఫ్టీ పిన్నులు
☐ టేప్ కొలత, చిన్న టార్చ్
☐ పవర్ బ్యాంక్, పెన్‌డ్రైవ్, హెచ్‌డీఎంఐ కన్వర్టర్
☐ ప్రింట్ తీసిన ఫోన్ నంబర్ల పట్టిక
☐ నీళ్లు, వేరుశనగ చిక్కీ

అక్కడికి వెళ్లాక, చెప్పిన పని చేస్తూనే ఒక్కో ఈవెంట్‌లో ఒక్క విభాగాన్ని గమనించండి. ఒక రోజు కరెంటు మాత్రమే: జనరేటర్ సామర్థ్యం ఎన్ని కేవీఏ, డిస్ట్రిబ్యూషన్ బోర్డు ఎక్కడ, సౌండ్‌కూ లైట్లకూ వేర్వేరు ఫేజ్ ఎందుకు ఇచ్చారు. రెండూ ఒకే లైన్ మీద వేస్తే స్పీకర్లలో "హమ్" మొదలవుతుంది. ఇంకో రోజు భోజనాలు: ప్లేట్లు ఎవరు లెక్కపెడుతున్నారు, క్యాటరర్‌కు గ్యారంటీ (తప్పక డబ్బిచ్చే కనీస ప్లేట్లు) ఎంత చెప్పారు, చివరికి ఎంత తేలింది.

పెళ్లి అయితే పురోహితుడి దగ్గరికి ముందే వెళ్లి కూర్చోండి. జీలకర్ర బెల్లం ఎన్నింటికి, అడ్డుతెర ఎవరి చేతిలో, తలంబ్రాల పళ్లేలు ఎక్కడ, మంగళసూత్రం ఎవరి దగ్గర అని అడిగి రాసుకోండి. ఫొటోగ్రాఫర్, మేళం వాళ్లు, లైట్ల వాళ్లు ఆ కాగితం చూసే నడుస్తారు. సూత్రధారణకు మేళం గట్టిగా అందుకోవడానికి ఎవరు సైగ చేస్తారో ముందే అనుకోకపోతే ఆ ఘట్టం మళ్లీ రాదు.

5. రన్ షీట్: దీని మీద ఎక్కువ సమయం పెట్టండి

ఈ పనిలో చదువుకున్నవాళ్లు త్వరగా ముందుకెళ్లేది ఇక్కడే. రన్ షీట్, అంటే ఏ గంటకు ఏ పని అన్న పట్టిక, వెనక నుంచి ముందుకు రాయాలి. మొదలయ్యే సమయం పెట్టుకుని, దానికి ముందు ఏం పూర్తవ్వాలి, దానికీ ముందు ఏం కావాలి అని లెక్కేసుకుంటూ లారీ దాకా వెళ్లండి. ఉదయం 10 గంటలకు మొదలయ్యే 300 మంది డీలర్ మీట్ ఇలా తేలుతుంది:

రాత్రి 11.00 – లారీ లోపలికి (పగలు పెద్ద లారీలకు నగరంలో ఆంక్షలుంటాయి)
11.30 – స్టేజి ప్లాట్‌ఫామ్, ట్రస్ (లైట్లు వేలాడదీసే లోహపు చట్రం)
2.00 – ఎల్‌ఈడీ వాల్, లైట్లు, స్పీకర్లు
4.30 – బ్యాక్‌డ్రాప్, తర్వాత కార్పెట్
6.00 – హాలు శుభ్రం, కుర్చీలు, నేమ్ కార్డులు
7.00 – సౌండ్ చెక్, అన్ని వీడియోలూ అసలు ల్యాప్‌టాప్‌లోనే మొదటి నుంచి చివరిదాకా
8.15 – యాంకర్‌తో రిహార్సల్
9.00 – రిజిస్ట్రేషన్, టిఫిన్
10.00 – ప్రారంభం

కార్పెట్ ముందే వేస్తే దాని మీద నిచ్చెనలు, ఇనుప పెట్టెలు లాగుతారు. తెల్లారేసరికి మళ్లీ కొత్తది వేయాల్సి వస్తుంది. అందుకే వరుస ముఖ్యం.

ప్రారంభం తర్వాతి భాగానికి, షో నిమిషం నిమిషం నడిపే క్యూ షీట్ వేరే ఉండాలి. నిలువు గళ్లు ఏడు: సమయం, ఎన్ని నిమిషాలు, స్టేజి మీద ఎవరు, స్క్రీన్ మీద ఏమిటి, సౌండ్, లైట్లు, బాధ్యత ఎవరిది. చివరి గడిలో "టీమ్" అని ఎప్పుడూ రాయకండి. ఒక మనిషి పేరు ఉండాలి.

జ్యోతి ప్రజ్వలననే తీసుకోండి. షీట్‌లో ఒక్క వరుస, మూడు నిమిషాలు. దాని వెనక ఎంత ఉందో చూడండి. దీపపు కుంది, నూనె, వత్తులు, వెలిగించడానికి కొవ్వొత్తి, అగ్గిపెట్టె, చేయి తుడుచుకోవడానికి గుడ్డ. వత్తులు గంట ముందే నూనెలో నానాలి, కొసకు కొంచెం కర్పూరం అద్దాలి. కుంది సరిగ్గా ఏసీ గాలి కింద ఉంటే దీపం నిలవదు. కాబట్టి ఆ మూడు నిమిషాలు అటువైపు ఏసీ ఆపమని హాలువాళ్లకు ముందే చెప్పాలి. స్మోక్ డిటెక్టర్ ఉంటే ఆ సంగతీ చెప్పాలి. ముఖ్య అతిథి నాలుగోసారి అగ్గిపుల్ల గీస్తుండగా హాలంతా మౌనంగా చూడటం నేను ఒకసారి అనుభవించాను. అప్పటి నుంచి ఆ ఒక్క వరుసకు వేరే చెక్‌లిస్ట్ పెట్టుకున్నాను.

ఉపన్యాసాలకు షీట్‌లో ఐదు నిమిషాలుంటే పది పడుతుందనుకోండి. ఎక్కడ కుదించవచ్చో ముందే గుర్తుపెట్టి, క్లయింట్‌తో ఒప్పించుకోండి. అప్పటికప్పుడు కోస్తే గొడవ అవుతుంది.

6. కొటేషన్, లెక్కలు

వెండర్ల ఖర్చు మొత్తం 4,00,000 రూపాయలు అనుకుందాం. దాని మీద 15 శాతం వేస్తే 4,60,000. చాలామంది ఇక్కడ "నా లాభం 15 శాతం" అనుకుంటారు. అమ్మిన ధర మీద చూస్తే అది 13 శాతమే. ఆ 60,000లోనే మీ రవాణా, టీమ్ భోజనాలు, రెక్కీ (ముందుగా హాలు చూసి రావడం) ఖర్చు, అనుకోకుండా వచ్చే జనరేటర్ డీజిల్ అన్నీ ఉన్నాయి. అవి విడిగా రాయకపోతే చివరికి చేతిలో ఏమీ మిగలదు.

జీఎస్టీ 18 శాతం అంటే 82,800. క్లయింట్‌కు చెప్పేది 5,42,800. "ట్యాక్స్ కలిపా, విడిగానా" అన్నది కొటేషన్ మొదటి పేజీలోనే ఉండాలి. సేవల వ్యాపారానికి ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రిజిస్ట్రేషన్ లేని వెండర్ దగ్గర తీసుకుంటే ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సిన దాంట్లోంచి తగ్గించుకునే వీలు) రాదు. ఆ తేడా కూడా ధరలో చూసుకోవాలి.

కొటేషన్ పంపే ముందు:
☐ ప్రతి వస్తువుకూ కొలత, సంఖ్య, ఎన్ని రోజులు ("ఎల్‌ఈడీ వాల్" కాదు, "12 × 8 అడుగులు, 1 రోజు")
☐ ఏవి కలవలేదో విడిగా: హాలు అద్దె, అనుమతులు, ఆర్టిస్ట్ ప్రయాణం
☐ చెల్లింపు: సగం అడ్వాన్స్, ఈవెంట్ ముందురోజుకు 90 శాతం పూర్తి
☐ తేదీ మారితే, రద్దయితే ఏమిటన్నది
☐ ఈ ధర ఎన్ని రోజులు చెల్లుతుంది

7. అనుమతులు

పెద్ద ఈవెంట్‌లో ఇవి సీనియర్లు చూస్తారు. అయినా పేర్లు మీకు తెలియాలి.

శబ్ద కాలుష్య నియమాలు 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. మైకుకు స్థానిక పోలీసుల అనుమతి కావాలి. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. బహిరంగ సంగీత్ పెట్టుకునే కుటుంబానికి ఇది బుకింగ్ రోజునే చెప్పండి.

రికార్డు చేసిన పాటలు వాడే కార్పొరేట్ ఈవెంట్‌కు మ్యూజిక్ లైసెన్స్ అవసరం. పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన వేడుకలకు కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(జెడ్‌ఏ)లో మినహాయింపు ఉంది. రెండిటినీ కలిపి చూడొద్దు. మద్యం ఉంటే ఎక్సైజ్ శాఖ ఈవెంట్ పర్మిట్, క్యాటరర్‌కు ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్, డ్రోన్ ఎగరేస్తే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోనో చూడటం తప్పనిసరి.

8. ఎక్కువగా జరిగే తప్పులు, వాటికి దారి

మాట మీద ఒప్పుకోవడం. క్లయింట్ ఫోన్‌లో మార్పు చెప్పగానే, అదే నిమిషం "మీరు చెప్పినట్టు స్టేజి వెడల్పు 32 నుంచి 40 అడుగులకు మారుస్తున్నాం, అదనంగా ఇంత" అని వాట్సాప్ పెట్టండి. "సరే" అని వచ్చాకే వెండర్‌కు చెప్పండి.

ఎత్తు కొలవకపోవడం. నా రెండో ఏడాదిలో ఒక హాల్లో 16 అడుగుల ట్రస్ తెప్పించాం. స్టేజి సరిగ్గా దూలం కింద వచ్చింది. అక్కడ ఎత్తు 14 అడుగులే. రాత్రి ఒంటిగంటకు వేరే సైజు కోసం గోదాముల చుట్టూ తిరిగాం. రెక్కీలో నేను సీలింగ్ మాత్రమే కొలిచాను.

పేర్లు సరిచూడకపోవడం. స్క్రీన్ మీద, షీల్డ్ మీద, యాంకర్ కాగితంలో ఒకే పేరు మూడు రకాలుగా ఉంటుంది. పేర్ల పట్టిక ఒక్కటే తయారుచేసి, క్లయింట్‌తో సంతకమో మెయిలో తీసుకుని, అందరికీ అదే ఇవ్వండి. ఇంటిపేరు, హోదా, ఉచ్చారణ మూడూ అందులో ఉండాలి.

గాలిని తేలిగ్గా తీసుకోవడం. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఒక్కసారిగా ఈదురుగాలి వస్తుంది. బయట ఎల్‌ఈడీ వాల్‌కూ ట్రస్‌కూ తగిన బరువులు, గాలి పెరిగితే దించే నిర్ణయం ఎవరిదన్నది ముందే ఉండాలి. దించాలన్న మాట వచ్చాక క్లయింట్ ఎంత బతిమాలినా స్టేజి మీదికి ఎవరినీ పంపకండి. దీంట్లో నేను సర్దుకుపోను, మీరూ సర్దుకుపోవద్దు.

కరెంటు మారే రెండు సెకన్లు. మెయిన్ నుంచి జనరేటర్‌కు మారేటప్పుడు సౌండ్ మిక్సర్, ల్యాప్‌టాప్, వీడియో స్విచర్ ఆగి మళ్లీ మొదలవుతాయి. కన్సోల్‌కు యూపీఎస్ అడగండి.

9. ఇప్పుడు కోర్సు సంగతి

పది రోజులయ్యాక మీ నోట్‌బుక్ తిరగేయండి. తెలియనివి లైటింగ్ డిజైన్, త్రీడీ లేఅవుట్, అకౌంట్స్ లాంటివైతే వాటికే చిన్న కోర్సు వెతకండి. ఏడాది డిప్లొమా అనుకుంటే, ఫీజు కట్టే ముందు పోయిన ఏడాది విద్యార్థులు ముగ్గురితో మాట్లాడండి. ఎన్ని ఈవెంట్లలో, ఏ పనిలో పెట్టారు, ఆ రోజులకు డబ్బు వచ్చిందా అని అడగండి. "ప్రాక్టికల్స్" పేరుతో ఏడాదంతా కుర్చీలు సర్దించి ఫీజు తీసుకునే చోటు వద్దు. ఆ పనికి మీకే కూలి రావాలి.

10. ఉద్యోగం, ఆ తర్వాత సొంతంగా

ఇంటర్వ్యూకు ఫొటోల ఆల్బమ్ కన్నా మీరు రాసిన రన్ షీట్లు రెండు తీసుకెళ్లండి. క్లయింట్ పేర్లు, ఫోన్ నంబర్లు, ధరలు తీసేసి ప్రింట్ చేయండి. అనుకున్న సమయం పక్కన నిజంగా జరిగిన సమయం ఎర్ర పెన్నుతో రాసి ఉంటే ఇంకా మంచిది. నేను మనుషులను తీసుకునేటప్పుడు మొదట చూసేది అదే.

సొంతంగా మొదలుపెట్టాలనుకుంటే కనీసం రెండు పెళ్లి సీజన్లు, ఒక కార్పొరేట్ సీజన్ ఇంకొకరి దగ్గర చేయండి. మీ మాట మీద అడ్వాన్స్ లేకుండా సామాను పంపే వెండర్లు నలుగురైనా ఉండాలి. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన ఉండాలి, ఎందుకంటే ఆషాఢంలోనూ ఇంటి అద్దె కట్టాలి.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) ఉచితం, మొదటి రోజే చేసుకోండి. నమోదైన చిన్న సంస్థకు కొనుగోలుదారు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతోంది. ఇన్‌వాయిస్ కింద మీ ఉద్యమ్ నంబర్ వేయండి. బిల్లు ఈవెంట్ అయిన మర్నాడే పంపండి. అదే రోజు లోడింగ్ కుర్రాళ్ల కూలి కూడా ఇచ్చేయండి, మీకు క్లయింట్ డబ్బు వచ్చినా రాకపోయినా.